బెంచీ మీది గురువులకు జేజేలు
రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల వార్షికోత్సవ వేళ

ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట 1852లో పూర్తయింది. మరుసటి ఏడే, 1853లో, రాజమండ్రిలో సర్కారు పాఠశాల మొదలైంది. డెల్టా కాలవల్లోకి నీళ్లు వదిలిన రోజుల్లో పుట్టిన ఆ బడి 1873లో కళాశాల స్థాయికి ఎదిగింది. అదే మన ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల. 170 ఏళ్లు దాటి, 2028లో 175 ఏళ్ల పండగకు సిద్ధమవుతున్న ఈ చదువుల తల్లికి ఈ ఏటి వార్షికోత్సవ శుభవేళ ముందుగా నమస్కారం. ఇక్కడ పాఠం చెప్పినవారికీ, విన్నవారికీ, గంట కొట్టినవారికీ, లైబ్రరీలో పుస్తకం వెతికి ఇచ్చినవారికీ పేరుపేరునా అభినందనలు.

వార్షికోత్సవ వేదిక ఎక్కిన ప్రతివారూ ఈ కళాశాల గురువుల పేర్లు తలుచుకుంటారు. తలుచుకోవాలి కూడా. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఇక్కడ తెలుగు చెప్పారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ రాష్ట్రపతి కావడానికి ఎన్నో ఏళ్ల ముందు, 1917 ప్రాంతంలో, ఇక్కడ తత్త్వశాస్త్రం చెప్పారు. మెట్కాఫ్ దొర, కూల్డ్రే దొర ప్రిన్సిపాళ్లుగా ఉన్నారు. ఈ పేర్లు సావనీర్లలో అచ్చవుతూనే ఉంటాయి, వక్తలు చెబుతూనే ఉంటారు. నేను మాత్రం ఈ దండలో ఒక పువ్వు వేరే చోట వేయాలనుకుంటున్నాను. బల్లకు అవతల నిలబడి పాఠం చెప్పినవారితోపాటు, బెంచీ మీద కూర్చునే పక్కవాడికి పాఠం చెప్పినవారినీ ఈ పూట సన్మానించుకుందాం. వాళ్ల పేర్లు ఏ ఫలకం మీదా ఉండవు. వాళ్లు లేకపోతే ఈ డెల్టాలో సగం మంది డిగ్రీ గట్టెక్కేవారు కాదు.

కంబైన్డ్ స్టడీ తెలియని కాలేజీ కుర్రాడు గోదావరి జిల్లాల్లో ఉండడు. సెమిస్టరు పరీక్షలకు వారం ముందు ఏ హాస్టల్ గది తలుపు తోసినా కనిపించే దృశ్యమే అది. నేల మీద చాప, మధ్యలో జెరాక్సు కాగితాలు, గోడకు ఆనుకుని ఒకడు, వాడి చుట్టూ నలుగురు. రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ చదువులన్నీ ఇంగ్లిషు మీడియంలోకి మారాయి. పదో తరగతి దాకా తెలుగులో చదివి వచ్చిన పిల్లకు మొదటి ఏడు ఎకనామిక్స్ పుస్తకం పేజీ పేజీకీ గోడ కడుతుంది. ఆ గోడకు మొదటి ఇటుక పీకేది చాలాసార్లు లెక్చరరు కాదు, పక్క మంచం పిల్ల. ‘అర్థం కాలేదు బావా’ అన్న మాట తరగతిలో లేచి నిలబడి అనలేనివాడు హాస్టల్లో పదిసార్లు అంటాడు. పదోసారి కూడా విసుక్కోకుండా చెప్పేవాడు ఉంటాడు. వాడికి జీతం లేదు, మార్కులు లేవు. వాడు చెప్పింది కోర్సు కాదు కాబట్టి ఏ సర్టిఫికెట్టులోనూ రాదు.

చెప్పేవాడికి లాభం లేదనుకోవడం పొరపాటు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ తన విద్యార్థులు సూత్రాలు వల్లించి లెక్కలు చేస్తున్నారే తప్ప విషయం పట్టుకోవడం లేదని గమనించి, 1991లో తరగతి నడిపే తీరు మార్చారు. ఒక ప్రశ్న వేస్తారు. ఎవరికి వారు జవాబు రాసుకుంటారు. తర్వాత పక్కవాడితో వాదించి ఒప్పించమంటారు. ఆ రెండు నిమిషాల వాదన అయ్యాక సరైన జవాబులు పెరుగుతాయి. ఎందుకని? దానికి ఆయన చెప్పే కారణం చాలా సూటిగా ఉంటుంది. ప్రొఫెసరు ఆ విషయం నేర్చుకుని ఎన్నో ఏళ్లయింది, తాను మొదట ఎక్కడ తడబడ్డాడో మరిచిపోయాడు. పక్క బెంచీ కుర్రాడు నిన్ననే నేర్చుకున్నాడు, గొయ్యి ఎక్కడుందో వాడికి ఇంకా గుర్తుంది. మన హాస్టల్ గదులు ఈ సంగతి ఏ పరిశోధనా లేకుండానే కనిపెట్టాయి.

ఇంకాస్త వెనక్కి వెళితే, ఈ పద్ధతి మన దగ్గర నుంచే సముద్రం దాటిందని తెలుస్తుంది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లాల్లో బళ్లు ఎన్ని ఉన్నాయో లెక్క తీయమన్నారు. అప్పటి రాజమహేంద్రవరం జిల్లా కలెక్టరు రాబర్ట్‌సన్ పంపిన లెక్కలో వేదం, శాస్త్రం, జ్యోతిషం వంటివి చెప్పే ఉన్నత చదువుల చోట్లు 279, వాటిలో చదువుకునేవారు 1,454 మంది. అంటే చోటుకి అయిదుగురు. గాంధేయ చరిత్రకారుడు ధరంపాల్ ఈ నివేదికలను 1983లో పుస్తకంగా వెలువరించాక అవి మళ్లీ వెలుగులోకి వచ్చాయి. అదే కాలంలో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ తన జిల్లా తెలుగు, కన్నడ వీధి బడులను దగ్గరగా చూసి ఒక మాట రాశారు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చదువు చెప్పే పద్ధతి మెచ్చుకోదగ్గదనీ, ఇంగ్లండు దాన్ని అనుకరించడం సబబేననీ ఆ మాటల సారాంశం.

ఇంగ్లండు అనుకరించిన కథ మద్రాసు ఎగ్మూరులో మొదలవుతుంది. ఆండ్రూ బెల్ అనే పాదిరీ 1789 నుంచి అక్కడి సైనికుల అనాథ బాలల ఆశ్రమానికి పెద్దగా ఉన్నారు. దగ్గర్లోని వీధి బడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూశారు. తన బడిలోనూ అలాగే నేర్పమంటే పంతుళ్లు వినలేదు. దాంతో జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల కుర్రాడికి ఆ పని అప్పగించారు. కుర్రాడు నేర్పాడు, చిన్నవాళ్లు నేర్చుకున్నారు. బెల్ 1797లో లండన్‌లో ఈ ప్రయోగం గురించి పుస్తకం అచ్చువేశారు. దానికి ‘మద్రాసు పద్ధతి’ అని పేరొచ్చింది. 1832లో ఆయన చనిపోయే నాటికి పన్నెండు వేలకు పైగా బళ్లు ఆ పద్ధతిలో నడుస్తున్నాయి. మన అరుగుల మీది చదువు లండన్ దాకా వెళ్లి బడి పెట్టింది.

ఇది విని మురిసిపోతాం. కాని అక్కడొక చిక్కు ఉంది. ఇంగ్లండు ఆ పద్ధతిని నెత్తిన పెట్టుకున్నది పిల్లలు బాగా చెబుతారని మాత్రమే కాదు, ఖర్చు తక్కువని కూడా. ఒక్క పంతులు, కొందరు మానిటర్లు, వందలమంది పిల్లలు. మానిటరు చెప్పేది పంతులు అప్పజెప్పిన ముక్కే. తాను కలపడానికీ తీయడానికీ లేదు. అడిగినవాడికి జవాబు చెప్పే అధికారం లేదు. కొన్నాళ్లకు ఆ బళ్లు చిలకపలుకుల బళ్లు అయ్యాయన్న విమర్శ వచ్చింది. చెప్పమన్నది చెప్పడం ఒకటి. ఏం చెప్పాలో, ఎందుకు చెప్పాలో, ఏ వరసలో చెప్పాలో తానే తేల్చుకుని చెప్పడం మరొకటి. మొదటి దానిలో కుర్రాడు పంతులుకు నోరు మాత్రమే. రెండో దానిలో వాడే పంతులు. ఈ రెండో రకం చదువు రాజమండ్రిలో ఎలా మొలకెత్తిందో చూస్తే, ఈ కళాశాలను అభినందించడానికి అసలైన కారణం దొరుకుతుంది.

1881 డిసెంబరు 11న వీరేశలింగం పంతులుగారు ఈ ఊళ్లో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు ఎదురు తిరిగింది. ఆయన వెంట నిలిచినవారిలో చదువుకునే కుర్రాళ్లు ఉన్నారు. సిలబసులో లేని పాఠాన్ని వాళ్లు పందిట్లో నిలబడి నేర్చుకున్నారు. 1907 ఏప్రిల్లో స్వదేశీ ఉద్యమ నేత బిపిన్ చంద్రపాల్ వచ్చారు. ఆయన ఇంగ్లిషు ఉపన్యాసాలను చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అప్పటికప్పుడు తెలుగులో చెప్పారు. కుర్రాళ్లు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు వచ్చారు. అప్పటి ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ ఒప్పుకోలేదు. శిక్షలు పడ్డాయి. ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావును ట్రైనింగ్ కాలేజీ నుంచి వెళ్లగొట్టి, సర్కారు కొలువుకు పనికిరాడన్నారు.

పంతులు కావలసిన మనిషికి బడి తలుపు మూశారు. ఆయన ఊళ్లకు ఊళ్లనే బడి చేసుకున్నారు. 1908లో ‘స్వరాజ్య’ పత్రిక నడిపి జైలుకు వెళ్లారు. బయటికొచ్చాక గ్రంథాలయాలు, వయోజన విద్య తన పని అనుకున్నారు. 1914లో బెజవాడలో జరిగిన తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ సభకు అధ్యక్షుడు చిలకమర్తి వారే. పాల్ గారి మాటకు తెలుగు గొంతునిచ్చిన పెద్దాయన, ఆ మాట విని బహిష్కృతుడైన కుర్రాడు, ఇద్దరూ ఒకే ఉద్యమంలో కలిశారు. బడి బయట మనుషులు ఒకరికొకరు చదువు చెప్పుకునే ఏర్పాటుకే గ్రంథాలయోద్యమం అని పేరు. దానికి ఒక కొమ్మ మన రాజమండ్రి తరగతి గదిలో విరిగి బయట నాటుకున్నదే.

ఇక రంగుల ముచ్చట. ఆస్వాల్డ్ కూల్డ్రే 1909 నుంచి 1919 దాకా ఇక్కడ ప్రిన్సిపాలు. ఇంగ్లిషు చెప్పే దొర, చేతిలో కుంచె ఉన్న దొర. తర్వాత ‘సౌత్ ఇండియన్ అవర్స్’ అని తన ఇక్కడి రోజుల మీద 1924లో పుస్తకం కూడా వేశారు. కాలేజీలో చిత్రలేఖనం పాఠ్యాంశం కాదు, దానికి పరీక్షా లేదు. అయినా ఆయన చుట్టూ కుర్రాళ్లు చేరారు. అడవి బాపిరాజు, దామెర్ల రామారావు, కవికొండల వెంకటరావు అందులోవారే. ఒకరు నవలలూ బొమ్మలూ, ఒకరు బొమ్మలు, ఒకరు పాటలూ కథలూ. పశ్చిమగోదావరి సరేపల్లె నుంచి వచ్చిన బాపిరాజు తర్వాత ‘నారాయణరావు’ నవల రాసి 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బహుమతిని విశ్వనాథ సత్యనారాయణ గారి ‘వేయిపడగలు’తో పంచుకున్నారు. సాయంకాలం దొరగారింటి ముందు చేరిన ఆ బృందానికి హాజరు పట్టీ లేదు. ఆంధ్రదేశపు ఆధునిక చిత్రకళకు పునాదిరాయి పడింది మాత్రం అక్కడే.

రామారావు 1897లో పుట్టారు. కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు. బాగా పేరు తెచ్చుకున్నారు. కావాలంటే అక్కడే ఉండిపోవచ్చు. 1920ల తొలి ఏళ్లలో రాజమండ్రి తిరిగొచ్చి స్నేహితులతో కలిసి ఒక చిత్రకళా సంఘం, ఒక చిత్రకళాశాల పెట్టారు. అప్పటికాయన పాతికేళ్ల కుర్రాడు. ఎదురుగా కూర్చుని నేర్చుకున్నవారిలో తన ఈడువారున్నారు. వరదా వెంకటరత్నం ఆయనకు స్నేహితుడు, ఆయన దగ్గరే కుంచె పట్టినవాడు. భార్య సత్యవాణి నేర్చుకున్నారు. చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణి అయ్యారు. ఆడపిల్ల గడప దాటి చదువుకోవడమే గగనమైన కాలంలో ఇంటి ఆడవాళ్లు చిత్రకళ విద్యార్థినులయ్యారంటే, ఆ కోర్సు ఎంత దూరం చూసిందో ఊహించండి.

ఆ కోర్సులో ఏముంది? బొంబాయిలో నేర్చిన కొలత ఉంది. మనిషిని ఎదురుగా నిలబెట్టి చూసి గీయడం, వెలుగునీడలు పట్టడం, నీటిరంగుల మీద అదుపు. అయితే గీసింది బొంబాయి మనుషుల్ని కాదు. నందికి పూజ చేసే ఆడవాళ్లు, జడలో పూలు ముడిచే చేతులు, గోదావరి గట్టు, కొండల వెనక వెలుగు. ‘నందిపూజ’, ‘పుష్పాలంకరణ’, ‘సిద్ధార్థ రాగోదయం’ చూసినవారికి ఈ సంగతి చెప్పక్కర్లేదు. అప్పటికి దేశంలో ఒక పక్క పాశ్చాత్య పద్ధతి చెప్పే సర్కారు బళ్లు, ఇంకో పక్క పలచటి రంగు పొరల బెంగాలీ పద్ధతి ఉన్నాయి. ఈ రెండింటిలో దేన్నీ ఉన్నదున్నట్టు దించుకోకుండా, తన ఊరి మనుషుల్ని తన ఊరి వెలుగులో గీయడం నేర్పే పాఠ్యక్రమం ఎక్కడా అచ్చులో లేదు. లేదు కాబట్టే వాళ్లు తయారు చేసుకున్నారు.

1925 ఫిబ్రవరిలో మశూచి రామారావును తీసుకుపోయింది. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. మామూలుగా అయితే అక్కడితో ఆ బడి మూతపడాలి. పడలేదు. వరదా వెంకటరత్నం దాన్ని భుజాన వేసుకుని దశాబ్దాలపాటు నడిపారు. స్నేహితుడి దగ్గర నేర్చుకున్నది స్నేహితుడి తర్వాతి తరాలకు చెప్పారు. ఈనాడు రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉన్నదంటే, ఆ బొమ్మలు చెదలు పట్టకుండా మనదాకా వచ్చాయంటే, దాని వెనక ఉన్నది ఆ స్నేహమే. ఒక కోర్సు బాగా తయారైందో లేదో తేల్చడానికి ఇంతకన్నా పరీక్ష అక్కర్లేదు. చెప్పినవాడు లేకపోయినా విన్నవాడు చెప్పగలగాలి.

మనవాళ్లు గడప బయట చేసిన పనిని తర్వాత కాలంలో కొన్ని విశ్వవిద్యాలయాలు గడప లోపలికి తెచ్చుకున్నాయి. అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయం 1964లో ప్రయోగాత్మక కళాశాల అని ఒక విభాగం తెరిచింది. ఓబర్లిన్‌లో 1968 నుంచి విద్యార్థులు కోర్సులు చెబుతున్నారు. అన్నిటికన్నా పెద్దది కాలిఫోర్నియాలో బర్క్‌లీది. అక్కడ 1981లో మొదలైన డీకాల్ ఏర్పాటులో ఇప్పుడు ఒక్కో సెమిస్టరులో వందకు పైగా కోర్సులు విద్యార్థులే చెబుతారు. ఎవరైనా చెప్పొచ్చు, అయితే ఊరికే కాదు. ముందు తాను ఏం చెప్పబోతున్నాడో వారం వారంగా రాసుకోవాలి. ఏ పుస్తకాలు చదివించాలి, పని ఎలా బేరీజు వేయాలి అన్నది తేల్చుకోవాలి. ఒక అధ్యాపకుడు దానికి పూచీ పడాలి. శాఖాధిపతి చూడాలి, విశ్వవిద్యాలయ కమిటీ ఒప్పుకోవాలి. విన్నవాళ్లకు ఒకటో రెండో క్రెడిట్లు వస్తాయి. ర్యాంకులు లేవు, పాసా కాదా అంతే. చెప్పే కుర్రాడికి స్వేచ్ఛ ఉంది, కాని గాలికి వదిలెయ్యలేదు. నలభై ఏళ్లు దాటినా ఈ ఏర్పాటు నిలబడిందంటే రహస్యం ఇదే అనిపిస్తుంది.

పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోనూ ఇలాంటి స్టుకో ఉంది, అంటే విద్యార్థి కళాశాల. ఆ విశ్వవిద్యాలయంలోనే దశాబ్దాలుగా పనిచేసి 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్‌రెడ్డి గారు మన చిత్తూరు జిల్లా కాటూరు మనిషి. 2008లో రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దానికి తొలి కులపతి ఆయనే. పల్లెటూరి సర్కారు బడుల్లో పదో తరగతి పాసైన పిల్లల్ని నూజివీడు, ఇడుపులపాయ, బాసరలకు తెచ్చి ఆరేళ్లు చదివించే ఏర్పాటు అది. మాస్టారు చెప్పేదే చదువు కాదు, పిల్లలు తమంతట తాము నేర్చుకోగలరన్న నమ్మకం దాని పునాదిలో ఉంది. మన పిల్లల మీద నమ్మకం పెట్టడం మనకు కొత్తేం కాదని చెప్పడానికే ఈ ముచ్చట.

ఆర్ట్స్ కళాశాలకు ఇప్పుడు స్వయంప్రతిపత్తి ఉంది. తన సిలబసు తాను రాసుకోగలదు. పాఠ్యప్రణాళికా మండళ్లలో పాత విద్యార్థి ఒకరికి చోటు ఇవ్వాలని యూజీసీ నిబంధనలే చెబుతున్నాయి. ముప్పై గంటల సర్టిఫికెట్ కోర్సులు పెట్టుకునే వీలుంది, వాటిని న్యాక్ లెక్కలోకి తీసుకుంటుంది. డిగ్రీ మొదటి ఏడు అయ్యాక విద్యార్థులు 180 గంటలు ఊళ్లలో సామాజిక సేవా ప్రాజెక్టు చేస్తున్నారు, ఇళ్లు తిరిగి వివరాలు రాసుకొస్తున్నారు. వాకిలి తెరిచే ఉంది. పాత విద్యార్థికి ఇచ్చిన కుర్చీ పక్కన ఇప్పటి విద్యార్థికి ఒక స్టూలు వేస్తే చాలు.

ఏం చెబుతారు మన పిల్లలు? భీమవరం దగ్గర చెరువు గట్టు మీద పెరిగిన కుర్రాణ్ని తీసుకోండి. వనామీ రొయ్య మన దేశానికి వచ్చింది 2009లో. దానికంటే వీడే కొన్నేళ్లు పెద్ద. తెల్లారుజామున చెరువులో ఆక్సిజన్ ఎందుకు పడిపోతుందో వీడికి బాగా తెలుసు. పగలు నీటిలోని నాచు ఎండ తీసుకుని ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే నాచు ఆక్సిజన్ పీల్చేస్తుంది. అందుకే మూడు, నాలుగు గంటలప్పుడు కరెంటు పోతే నాన్న మంచం మీద నుంచి దూకి జనరేటరు దగ్గరికి పరిగెడతాడు. ఏరియేటర్ల చక్రాలు తిరిగేది అందుకే. చెక్ ట్రే పైకి తీసి మేత ఎంత మిగిలిందో చూసి చెరువు ఆరోగ్యం చెప్పడం వాడికి వచ్చు. కౌంటు వంద అంటే కిలోకు వంద రొయ్యలనీ, కౌంటు తగ్గేకొద్దీ రేటు పెరుగుతుందనీ తెలుసు. వాడు తయారు చేసే పది వారాల కోర్సులో రసాయనశాస్త్రం ఉంది, జీవశాస్త్రం ఉంది, వాణిజ్యం ఉంది, అప్పుల లెక్క ఉంది. చేల పక్కన ఉప్పునీళ్లు చేరితే పక్క రైతు వరి ఏమవుతుందన్న పేచీ కూడా ఉంది. ఆ చివరి వారానికి వాడు ఇద్దరు రైతుల్ని, ఒక చెరువాయనని, ఒక వరి రైతుని పిలిచి ఎదురెదురు కూర్చోబెడితే, ఆ రెండు గంటలు ఏ పాఠ్యపుస్తకానికీ సాటి రాని పాఠం అవుతుంది.

నరసాపురం పిల్లను తీసుకోండి. అమ్మమ్మ వేళ్ల మధ్య క్రోషే సూది తిరుగుతుండగా ఎదిగిన పిల్ల. లేసు అల్లికలు 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా అక్కడికి వచ్చాయి. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఈ అల్లికల మీద మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1982లో పుస్తకం రాశారు. ప్రపంచమంతా విశ్వవిద్యాలయాల్లో చదువుతారు దాన్ని. ఇంట్లో కూర్చుని రోజంతా అల్లిన ఆడవాళ్లను ‘తీరిక వేళ పని చేసుకునే గృహిణులు’ అని పిలిచి కూలి తగ్గించారనీ, లాభం ఎగుమతిదారులకు పోయిందనీ ఆమె నిరూపించారు. తన ఊరి పేరుతో ఇంత ప్రసిద్ధ పుస్తకం ఉందని ఈ పిల్లకు కాలేజీలో ఎవరైనా చెప్పారా? చెబితే, ఆమె దాన్ని చదివి, ముక్కకు ఎంత ఇచ్చారో అమ్మమ్మను అడిగి, ఆ లెక్కను పుస్తకంలో లెక్క పక్కన పెట్టి, తన తోటివాళ్లకు చెప్పగలదు. పుస్తకంలో లేనిదేమిటో, ఈ నలభై ఏళ్లలో ఏం మారిందో చెప్పగలిగేది ఆమె ఒక్కతే.

కడియం నర్సరీ కుటుంబం పిల్లవాడు అంట్లు కట్టడం నేర్పగలడు. ఆత్రేయపురం పిల్ల పూతరేకుల వెనక బియ్యపు జావ, బోర్లించిన కుండ, మంట, వీటి లెక్క చెప్పగలదు. ఇవన్నీ ఊరి పనులే కదా, కాలేజీలో ఎందుకంటారేమో. దామెర్ల గీసినవి కూడా ఊరి మనుషుల్నే. ఊరి విషయం కోర్సు అయ్యేది దాని వెనక ఉన్న కారణం అడిగినప్పుడు, దాన్ని వరసలో పెట్టినప్పుడు, విన్నవాడు ఎదురు ప్రశ్న వేసినప్పుడు. ఆ వరస కట్టే పనే చెప్పేవాణ్ని చదివిస్తుంది. పది వారాలకు పాఠం అల్లడానికి కూర్చున్నవాడికి మూడో వారానికే తనకు తెలియనిది ఎంతుందో తెలిసొస్తుంది. లైబ్రరీకి అప్పుడు నిజమైన పని పడుతుంది.

పెద్దలకు భయాలున్నాయి, అవి ఊరికే పుట్టినవి కావు. సగం తెలిసినవాడు తప్పు చెబితే? అందుకే అధ్యాపకుడు పూచీ పడాలి, కోర్సు వారం వారం చూడాలి. స్నేహితుడని మార్కులు పంచితే? అందుకే ర్యాంకులు వద్దు, పాసో కాదో చాలు. వీటన్నిటికన్నా పెద్ద భయం ఒకటుంది. పిల్లలే చెప్పుకుంటున్నారు కదా అని లెక్చరరు పోస్టులు ఖాళీగా ఉంచితే? ఇంగ్లండులో బెల్ పద్ధతికి పట్టిన చీడ అదే. విద్యార్థి చెప్పే కోర్సు అధ్యాపకుడి కోర్సుకు అదనం కావాలి, బదులు కాకూడదు. కూల్డ్రే లేకుండా దామెర్ల లేడు. ఆ దొర చేసిన గొప్ప పని ఏమిటంటే, కుర్రాడి చేతిలో కుంచె చూసి దాన్ని లాక్కోకుండా, తన దారిలో నడవమనకుండా, ముందుకు పంపడం. అలాంటి గురువు పక్కనుంటేనే కుర్రాడు ధైర్యంగా బల్లకు అవతలికి వెళ్తాడు.

కాబట్టి ఈ పండగ పూట అభినందనలు మూడు చోట్ల పెడుతున్నాను.

మొదటిది, అధ్యాపకులకు. గంట అయిపోయాక కూడా వరండాలో నిలబడి ‘నువ్వు చెప్పరా, నేను వింటాను’ అన్నవారికి. విద్యార్థి తప్పు చెప్పినప్పుడు వెంటనే ఆపకుండా, వాక్యం పూర్తయ్యేదాకా ఓపిక పట్టినవారికి. ఆ ఓపిక ఎంత కష్టమో పాఠం చెప్పే ప్రతివారికీ తెలుసు.

రెండోది, విద్యార్థులకు. హాస్టల్ చాప మీద కూర్చుని ఇంగ్లిషు పుస్తకాన్ని తెలుగులో విప్పి చెప్పే పిల్లలకు. పక్కవాడు పాసవ్వడం తన పరీక్ష అనుకున్నవారికి. ‘నాకేం వచ్చు నేను చెప్పడానికి’ అని వెనక్కి జరిగే కోనసీమ, ఏజెన్సీ పిల్లలకు మరీ మరీ. మీ చేతిలో ఉన్నది ఇంకే పుస్తకంలోనూ లేదు. మీరు చెప్పకపోతే అది మీతోనే ఆగిపోతుంది.

మూడోది, కళాశాలకు. ఒకప్పుడు ఇక్కడి తరగతి గదులు కుర్రాళ్ల బ్యాడ్జీలు చూసి భయపడ్డాయి. ఒకప్పుడు ఇక్కడి ప్రిన్సిపాలు ఇల్లు వాళ్ల బొమ్మలకు చోటిచ్చింది. ఈ రెండింటిలో ఏ చరిత్రను ముందుకు తీసుకెళ్లాలో ఎంచుకునే అదృష్టం ఇప్పుడు ఈ కళాశాల చేతిలోనే ఉంది. టైంటేబుల్లో వారానికి రెండు గంటలు, ఒక గది, పూచీ పడే ఒక అధ్యాపకుడు, ఒక చిన్న కమిటీ చాలు. ఈ ఏడు అయిదు కోర్సులతో మొదలుపెట్టండి. ఒకటో రెండో చెడిపోతే చెడిపోనివ్వండి, మిగిలినవి వచ్చే ఏడు ఇంకొకరి చేతికి వెళ్తాయి. 2028లో 175 ఏళ్ల పండగ సావనీరు అచ్చయినప్పుడు అందులో ప్రిన్సిపాళ్ల పట్టీ ఉంటుంది, పతకాల పట్టీ ఉంటుంది. వాటి పక్కన మరో పట్టీ కావాలి: కోర్సు పేరు, దాన్ని తయారు చేసి చెప్పిన విద్యార్థి పేరు, ఊరి పేరు. ఆ పట్టీ ఎంత పొడుగుంటే ఈ తల్లికి అంత ఆయుష్షు.